మడిలోంచి పోయిన సిలికాన్ లెక్క తేలాలి

(రామచంద్రపురంలో రైతులు, విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో మా పత్రిక తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

తెలంగాణ పత్రికవాళ్లు గోదావరి డెల్టాకు వచ్చి వరి గురించి, అందులోనూ కరువు గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. అనిపించడంలో తప్పులేదు. మేము నీళ్ల కోసం కొట్లాడినవాళ్లం. 2011లో 42 రోజుల పాటు సాగిన సకల జనుల సమ్మెలో రోడ్ల మీద కూర్చున్నవాళ్లం. ఆ రోజుల్లో మీకూ మాకూ నడుమ మాటామాటా పెరిగిన సంగతి అందరికీ తెలుసు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. రాష్ట్రాలు రెండయ్యాయి. వరి కర్రకు మాత్రం సరిహద్దు లేదు. నల్లగొండ చల్కలో బోరు ఎండినా, ఇక్కడ కాలువ శివారున వంతు తప్పినా అది ఒకే తీరుగా ఆకు చుట్టుకుంటుంది. పొట్ట మీద ఉన్నప్పుడు నీళ్లందకపోతే రెండుచోట్లా తాలే మిగులుతుంది.

ఉద్యమం మాకు నేర్పిన విద్య ఒకటుంది. అది లెక్క అడగడం. ఎక్కడి వనరు ఎక్కడికి పోతున్నది? ఎవరి ఖర్చుతో పోతున్నది? తిరిగి ఎంత వస్తున్నది? ఈ మూడు ప్రశ్నలు నీళ్ల గురించి అడిగాం, నిధుల గురించి అడిగాం, కొలువుల గురించి అడిగాం. ఈరోజు మీ ముందు అవే ప్రశ్నలు వరి మడిలోని ఒక మూలకం గురించి అడగబోతున్నాం. దాని పేరు సిలికాన్.

ఎందుకు ఇప్పుడే అడగాలంటే, ఎరువుల దుకాణాల్లో సిలికాన్ పేరుతో సీసాలు, పొట్లాలు కనిపిస్తున్నాయి. ఇది కొడితే వరి కరువును తట్టుకుంటుందని, ఒక తడి మిగులుతుందని చెబుతున్నారు. ఆ మాటలో నిజం ఎంత, వ్యాపారం ఎంత అన్నది తేల్చుకోకపోతే నష్టపోయేది రైతే. అందులోనూ మొదట మునిగేది కౌలు రైతు.

డెల్టాలో కరువా?

1832-33లో నందన నామ సంవత్సరపు కరువు ఈ కోస్తా జిల్లాలను ఊడ్చిపెట్టింది. ఆ తర్వాతే ధవళేశ్వరం ఆనకట్ట ఆలోచన గట్టిపడింది. 1847లో కాటన్ దొర పని మొదలుపెట్టించాడు. 1852 నాటికి పూర్తయింది. అప్పటినుంచి ఈ నేలకు అన్నపూర్ణ అని పేరు. బయటివాళ్లు రామచంద్రపురం, ద్రాక్షారామం పచ్చదనం చూసి ఇక్కడ కరువన్న మాటే లేదనుకుంటారు.

కానీ కాలువకు తల ఉంటుంది, తోక ఉంటుంది. తల దగ్గర మడి నిండి పొర్లుతుంటే శివారు భూములకు నీళ్లు చేరవు. సార్వాలో నీళ్లు ఆలస్యంగా వదిలితే నారు ముదురుతుంది. దాళ్వాలో గోదావరి సన్నబడితే సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీళ్ల కోసం ఎదురుచూడాలి. వంతులవారీగా నీళ్లిస్తామంటారు. ఆ వంతు వారం తప్పితే, సరిగ్గా చిరుపొట్ట దశలో తప్పితే, ఎకరాకు ఎన్ని బస్తాలు పోతాయో మీకు మేము చెప్పనక్కర్లేదు. సర్కారు కాగితంలో అది కరువు కాదు. మండలం పేరు కరువు జాబితాలో ఉండదు. రైతు కళ్లంలో మాత్రం అది కరువే.

ఇక వానలే మొహం చాటేసిన ఏళ్లు వేరు. 2002లో దేశం మొత్తం మీద నైరుతి వానలు 19 శాతం, 2009లో 22 శాతం తక్కువ పడ్డాయి. అలాంటప్పుడు మా బోర్లూ మీ కాలువలూ ఒకేసారి చేతులెత్తేస్తాయి. కాబట్టి వరి నాలుగు రోజులు ఎక్కువ ఓర్చుకునేలా చేసే ఉపాయం ఏదున్నా దాన్ని కొట్టిపారేయకూడదు. అలాగని కళ్లు మూసుకుని కొనకూడదు కూడా.

అంట్లు తోమిన బూడిదే సాక్ష్యం

భూమి పైపొర బరువులో ఆక్సిజన్ తర్వాత అన్నింటికంటే ఎక్కువున్నది సిలికానే. సుమారు 28 శాతం ఉంటుంది. ఇసుక అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసిన సిలికానే. మరి నేల నిండా ఉన్నదాన్ని మళ్లీ వేయడమెందుకు? ఇక్కడే ఉంది కిటుకు. ఇసుక రేణువును వేరు నమలలేదు. నీళ్లలో కరిగిన సిలిసిక్ ఆమ్లాన్ని మాత్రమే తాగగలదు. సముద్రం పక్కనే ఉండి తాగునీళ్లకు అల్లాడే ఊరు లాంటిదే ఇది.

వరి సిలికాన్‌ను ఎంతగా పోగుచేసుకుంటుందో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. వరి కోసేటప్పుడు ఆకు అంచు తగిలి చెయ్యి గీసుకుపోతుంది కదా, ఆ గరుకు సిలికాది. మన అమ్మమ్మలు ఊక బూడిదతో అంట్లు తోమేవారు, ఊక బొగ్గుతో పళ్లు తోముకునేవారు. మసిని గీకింది ఆ బూడిదలోని సిలికా. ఊక బూడిదలో 85 నుంచి 95 శాతం దాకా సిలికాయే ఉంటుంది.

ఇప్పుడు అసలు లెక్క. టన్ను ధాన్యం పండించడానికి వరి నేల నుంచి 50 నుంచి 110 కిలోల సిలికాన్ తీసుకుంటుంది. అదే టన్నుకు అది తీసుకునే నత్రజని 15 నుంచి 20 కిలోలే. ఎకరాకు రెండు టన్నులు, అంటే 75 కిలోల బస్తాలు సుమారు 27 పండాయనుకుందాం. ఆ పంట నేల నుంచి లాగిన నత్రజని 30, 40 కిలోలు. లాగిన సిలికాన్ 100 నుంచి 220 కిలోలు. నత్రజని కోసం యూరియా లైన్లలో చెప్పులు పెట్టి నిలబడతాం. దానికి మూడు నుంచి ఐదు రెట్లు ఎక్కువ పోతున్న సిలికాన్ గురించి ఒక్క మాటా మాట్లాడం.

సిలికాన్‌ను తోడుకోవడానికి వరి వేళ్లలో ప్రత్యేకమైన ఏర్పాటే ఉంది. జపాన్‌లోని ఒకాయామా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2006లో ఎల్‌ఎస్‌ఐ1 అనే జన్యువును, 2007లో ఎల్‌ఎస్‌ఐ2 అనే జన్యువును గుర్తించారు. మొదటిది సిలిసిక్ ఆమ్లాన్ని వేరు కణంలోకి రానిస్తుంది. రెండోది లోపలికి పంపు చేస్తుంది. మోటారూ పైపూ రెండూ వేళ్లలోనే ఉన్నాయి. ఈ మాట గుర్తుంచుకోండి, సీసాల ముచ్చట వచ్చినప్పుడు పనికొస్తుంది.

కరువులో అది చేసే మేలు

వేరు తాగిన సిలిసిక్ ఆమ్లం నీళ్లతో పాటు ఆకుల్లోకి చేరుతుంది. నీళ్లు ఆవిరైపోగా సిలికా అక్కడే గట్టిపడి, ఆకు మీది మైనపు పొర కింద ఇంకో పొరలా పేరుకుంటుంది. వరి ఆకు మైనపు పొర సహజంగా పలచన. దాని కింద ఈ సిలికా పొర పడితే ఆకు చర్మం గుండా పోయే తేమ తగ్గుతుంది. సిలికాన్ అందిన వరిలో ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు 30 శాతం దాకా తగ్గినట్టు ప్రయోగాల్లో కనిపించింది. ఆకులు నిటారుగా నిలబడి వెలుతురు బాగా అందుకుంటాయి. నీటి ఎద్దడిలో వేరు పట్టు, ఆకు పచ్చదనం కాస్త ఎక్కువ కాలం నిలుస్తాయి.

ఇంకో మేలు ఉంది. నీళ్లు తప్పిన వరి మీదికి మొదట వచ్చేవి తెగుళ్లు. అగ్గి తెగులు, గోధుమ రంగు మచ్చ తెగులు ఎండకు బలహీనపడిన పైరును త్వరగా పట్టుకుంటాయి. సిలికాన్ బాగా అందిన పైరులో ఈ రెండూ తగ్గుతాయి. జపాన్‌లో ఒనొడెరా అనే పరిశోధకుడు 1917లోనే అగ్గి తెగులు సోకిన వరిలో సిలికాన్ తక్కువగా ఉందని గమనించాడు. జపాన్ 1955లో సిలికేట్‌ను ఎరువుగా అధికారికంగా గుర్తించింది. ఉక్కు కర్మాగారాల చిట్టెం అక్కడి మడులకు చేరింది. మన దగ్గరా పని జరగకపోలేదు. ఇప్పుడు భారత వరి పరిశోధన సంస్థగా పిలుస్తున్న రాజేంద్రనగర్ కేంద్రం శాస్త్రవేత్తలు, మట్టిలోని సిలికాను మొక్కకు అందించే పదార్థాల మీద, వాటివల్ల పురుగులకు తెగుళ్లకు పెరిగే నిరోధం మీద 2008లో పరిశోధన ప్రచురించారు. వ్యవసాయంలో సిలికాన్ మీద అంతర్జాతీయ సదస్సు 2018లో బెంగళూరులో జరిగింది.

సముద్రం వైపు భూములున్న వాళ్లకు మరో మాట. నీళ్లు తగ్గినప్పుడు ఉప్పు పైకి లేస్తుంది. సిలికాన్ అందిన వరి వేరులో ఉప్పు దొడ్డిదారిన లోపలికి జారడం తగ్గుతుందని ప్రయోగాలు చూపించాయి. ఎద్దడి, ఉప్పు జంటగా వచ్చే శివారు మాగాణికి ఇది చిన్న విషయం కాదు.

30 శాతం అంటే 30 శాతం కాలువ కాదు

ఇంతవరకు మేలు చెప్పాం. ఇక మోసం ఎక్కడుందో చెబుతాం.

ఆకు నుంచి 30 శాతం తేమ తగ్గిందన్న మాటను మడికి 30 శాతం నీళ్లు తక్కువ చాలన్న మాటగా మార్చేస్తున్నారు. ఈ రెండూ ఒకటి కావు. వరి ఆకు నుంచి నీళ్లు ఎక్కువగా పోయేది ఆకు రంధ్రాల గుండా. సిలికా పొర ముఖ్యంగా అడ్డుకునేది ఆకు చర్మం గుండా పోయేదాన్ని. పైగా మడిలో పెట్టిన నీళ్లన్నీ మొక్క తాగవు. కొంత నేలలోకి ఇంకుతుంది, కొంత నీటి పైభాగం నుంచి ఆవిరవుతుంది, కొంత గట్టు సందుల్లోంచి పక్క మడికి పోతుంది. వీటిలో దేన్నీ సిలికాన్ ఆపలేదు. ప్రయోగాల్లో చాలావరకు కుండీల్లో చేసినవే. పొలంలోకి వచ్చేసరికి ఫలితం నేలను బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. కాబట్టి సిలికాన్ వల్ల వరికి వచ్చేది కొంత ఓర్పు. దాన్ని తడిగా లెక్కగట్టి ఎవరైనా అమ్మితే అది అబద్ధం.

రెండో మోసం సమయంలో ఉంది. సిలికాన్ నీళ్లలో కరిగి, నీళ్లతోనే ప్రయాణం చేస్తుంది. మడి నిండుగా ఉన్నప్పుడు మట్టిలో కరిగిన సిలికాన్ పెరుగుతుంది. మడి నెర్రెలిచ్చాక తగ్గుతుంది. ఆ స్థితిలో వేరుకు నీళ్లే లేనప్పుడు సిలికాన్ మాత్రం ఎలా ఎక్కుతుంది? అంతేకాదు, ఒకసారి ఆకులో గట్టిపడిన సిలికా మళ్లీ కరిగి కొత్త ఆకుకు పోదు. ముసలాకులోని నత్రజని లేత ఆకుకు పోతుంది. సిలికాన్ అలా కదలదు. కాబట్టి పైరు పెరిగినంత కాలం, అందులోనూ చిరుపొట్ట నుంచి ఈనే దాకా, వేళ్ల దగ్గర అది సిద్ధంగా ఉండాలి. దమ్ములోనే నేలలో కలిసి ఉండాలి. పైరు ఎండిపోయాక పరుగెత్తుకెళ్లి తెచ్చే మందు కాదిది.

మూడో మోసం సీసాలోనే ఉంది. ఎకరా వరి తీసుకునే సిలికాన్ 100 కిలోల పైమాట. సీసాలో ఎంతుంటుంది? సీసా మొత్తం ఒట్టి సిలికానే అనుకున్నా లీటరుకో రెండు లీటర్లకో ఎంత వస్తుంది? పైగా మోటారు వేళ్లలో ఉందని చెప్పుకున్నాం. ఆకు మీద కొట్టినదానికి ఆ మోటారుతో సంబంధం లేదు. పిచికారీ వల్ల కొన్ని తెగుళ్ల విషయంలో ఉపయోగం ఉండొచ్చు. కానీ వేరు ఎక్కించే వంద కిలోల పొరను నాలుగు చెంచాల పిచికారీ కట్టలేదు. బయోస్టిమ్యులెంట్లనే ఇలాంటి సరుకును 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చారు. సీసా మీద ఏం రాశారో, ఎంత శాతమో, ఏ పంటకు అనుమతి ఉందో అడగండి. బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనన్న చోట కొనకండి.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ఖర్చు రాబడిని మింగేస్తోందని మడులను బీడు పెట్టారు. దేశమంతా నివ్వెరపోయింది. మోహన్ కందా కమిటీ వేశారు. 2022లో కోనసీమలో మళ్లీ పంట విరామం మాట లేచింది. ఖర్చు భరించలేక నాగలి దించిన రైతుకు మరో ఖర్చును మందుగా చూపించడం ఏ న్యాయం?

ఊకతో పోయిందెంత, గడ్డితో పోయిందెంత?

మరి సిలికాన్ ఎక్కడ దొరుకుతుంది? మన మడి నుంచి పోయినచోటే దొరుకుతుంది. ఇక్కడే లెక్క విప్పుదాం.

వరి తీసుకున్న సిలికాన్‌లో సుమారు 80 శాతం గడ్డిలోనే ఉంటుంది. అంటే ఆ రెండు టన్నుల పంటలో 80 నుంచి 175 కిలోల దాకా గడ్డిలో ఉన్నట్టు. మిగతాది ధాన్యంతో, ముఖ్యంగా ఊకతో మిల్లుకు పోతుంది. ధాన్యంలో ఐదో వంతు ఊక. రెండు టన్నులకు 400 కిలోల ఊక. ఊక కాలితే ఐదో వంతు బూడిద, అంటే 80 కిలోలు. అందులో సుమారు 70 కిలోలు సిలికా. సిలికాలో సిలికాన్ బరువు నూటికి 47. అంటే దాదాపు 33 కిలోల సిలికాన్ మీ ఎకరా నుంచి మిల్లు బాయిలర్ పొయ్యిలోకి పోతోంది. ఏడాదికి రెండు పంటలు తీసే చోట రెండింతలు.

పూర్వం ఈ చక్రం తిరిగేది. గడ్డి వామి వేసేవాళ్లం. పశువు తినేది. పేడ, తొక్కిన గడ్డి కలిసి పెంటకుప్పకు చేరేవి. పెంట మళ్లీ మడికి పోయేది. పశువు గడ్డిలోని సిలికాను అరిగించుకోదు, కాబట్టి పోయిందంతా పేడతోనే తిరిగొచ్చేది. ఆనాటి రైతు సిలికాన్ అన్న పేరు వినలేదు, కానీ దాన్ని పోగొట్టుకోలేదు. ఇప్పుడు కోత మిషన్ వచ్చింది. పశువులు తగ్గాయి. సార్వాకు దాళ్వాకు నడుమ వ్యవధి లేదు. గడ్డిని కొందరు కట్టలు కట్టించి అమ్ముతున్నారు, కొందరు అగ్గిపెట్టేస్తున్నారు. అగ్గిపెడితే సిలికాన్ గాలిలో పోదు, బూడిదలో మిగులుతుంది. కానీ గడ్డిలోని నత్రజని దాదాపు అంతా పోతుంది. కుప్పేసి తగలబెట్టిన చోట బూడిద ఒక్కచోటే ఉండిపోతుంది. కట్టలు కట్టి అమ్మితే ఆ 80 నుంచి 175 కిలోలూ లారీ ఎక్కినట్టే.

మరి మిల్లు బూడిద? మీ చుట్టుపక్కల రైసుమిల్లులకు కొదవ లేదు. కొంత ఊక బాయిలర్లకు, కొంత ఇటుక బట్టీలకు, కొంత కోళ్ల ఫారాలకు పోతోంది. కోళ్ల ఫారం నుంచి ఎరువుగా మడికి వస్తే అందులోని సిలికా వచ్చినట్టే, అది మంచిదే. బాయిలర్ బూడిద మాత్రం చాలాచోట్ల గుట్టలుగా పడి ఉంటుంది. గాలి తోలితే కళ్లలో పడుతుంది. రైతు మడి నుంచి పోయిన సరుకు రోడ్డు పక్కన చెత్తయింది. ఆ చెత్త లోపించిందని రైతుకు సీసా అమ్ముతున్నారు. నీళ్ల విషయంలో మేము చూసిన అన్యాయానికీ దీనికీ తేడా ఏముంది? మూలం మనది, పోయింది మనది, తిరిగి కొనుక్కోవాల్సింది మనమే!

జాగ్రత్తలు కూడా వినాలి

అలాగని రేపే ట్రాక్టర్ వేసుకుని బూడిద తోలమని మేము చెప్పడం లేదు. నాలుగు మాటలు గుర్తుంచుకోవాలి.

మొదటిది నేల. అన్ని నేలలకూ సిలికాన్ లోటు ఉండదు. డెల్టా బంకమట్టిలో సాధారణంగా నిల్వ ఎక్కువ. నది నీళ్లు కూడా కరిగిన సిలికాన్‌ను తెచ్చి పోస్తాయి. ఇసుకపాలు ఎక్కువున్న నేలల్లో, వానకు కడుక్కుపోయిన ఎర్రనేలల్లో, మా చల్కల్లాంటి చోట లోటుకు ఎక్కువ అవకాశం ఉంది. కిలో మట్టిలో మొక్కకు అందే సిలికాన్ 40 మిల్లీగ్రాముల కంటే తక్కువైనా, గడ్డిలో 5 శాతం కంటే తక్కువైనా లోటు కింద లెక్క అని వరి శాస్త్రవేత్తలు గీత గీశారు. ఆ గీతకు పైన ఉన్న మడిలో డబ్బు పోసినా ఫలితం పెద్దగా కనిపించదు.

రెండోది బూడిద రకం. ఊక మరీ ఎక్కువ వేడిలో, 700 డిగ్రీలు దాటి చాలాసేపు కాలితే సిలికా స్ఫటికంగా మారుతుంది. అది నీళ్లలో అంత తేలికగా కరగదు. తక్కువ వేడిలో కాలినదే మడికి మేలు. టన్ను బూడిదలో 400 కిలోల సిలికాన్ ఉన్నా మొదటి పంటకు కరిగి అందేది అందులో కొంతే. మిగతాది నెమ్మదిగా అందుతుంది. బూడిదకు క్షార గుణం ఉంది. చౌడు నేలల్లో పరీక్ష లేకుండా వేయకూడదు.

మూడోది మనిషి. ఈ బూడిద దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. స్ఫటిక సిలికా అయితే మరీ ప్రమాదం, రాతి క్వారీ కార్మికుల ప్రాణాలు తీస్తున్న సిలికోసిస్ దానివల్లే వస్తుంది. బూడిదను తడిపి తోలాలి, తడిపి చల్లాలి. మూతికి గుడ్డ కట్టుకోవాలి. చల్లేది కూలి మనిషైతే ఆ గుడ్డ ఇవ్వాల్సింది రైతే.

నాలుగోది యూరియా. నత్రజని మోతాదు మించితే ఆకు మెత్తబడి వాలిపోతుంది, అగ్గి తెగులుకు తలుపు తీసినట్టవుతుంది. ఒక చేత్తో సిలికాన్ వేసి రెండో చేత్తో యూరియా గుమ్మరిస్తే వేసినదాని ఫలం పోతుంది.

విశాఖ ఉక్కు చిట్టెం సంగతి కూడా కొందరు అడుగుతున్నారు. జపాన్ వాడుతోంది కదా, మనమెందుకు వాడకూడదని. మన చిట్టెం ఎక్కువగా సిమెంటుకు పోతోంది. మడికి రావాలంటే ముందు అందులో భార లోహాలు ఎంతున్నాయో ప్రభుత్వ ప్రయోగశాల తేల్చాలి. తినే గింజతో ప్రయోగాలు రైతు సొంతంగా చేయాల్సినవి కావు.

అడగాల్సింది ఎవరిని? ఏమని?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కేంద్రం 2015 ఫిబ్రవరిలో భూసార కార్డుల పథకం పెట్టింది. కార్డులో 12 గడులున్నాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. వరి అన్నింటికంటే ఎక్కువ తీసుకునే సిలికాన్‌కు అందులో గడి లేదు. గడి లేకపోతే లోటు ఉందో లేదో తెలియదు. తెలియని చోట దుకాణదారు చెప్పిందే వేదం. అందుకే మా మొదటి డిమాండ్, వరి జిల్లాల్లో ఆ కార్డులో 13వ గడి పెట్టాలి. వ్యవసాయ శాఖలో పనిచేసే మిత్రులు ఇక్కడున్నారు. ఈ మాట మీ సంఘాల సమావేశాల్లో మీరే లేవనెత్తాలి.

రెండోది, మార్టేరు పరిశోధన కేంద్రం స్వర్ణ లాంటి వరిని ఇచ్చిన గడ్డ. శివారు భూముల్లో, రైతు మడుల్లోనే, గడ్డి కలిపిన మడి, బూడిద వేసిన మడి, సీసా కొట్టిన మడి, ఏమీ వేయని మడి పక్కపక్కన పెట్టి చూపించమని అడగాలి. వంతు తప్పినప్పుడు ఏ మడి ఎన్ని రోజులు నిలిచిందో, బస్తాలు ఎన్ని వచ్చాయో, ఖర్చెంతో రైతుల ముందు బోర్డు మీద రాయాలి. ఫలితం సీసాకు అనుకూలంగా వస్తే అదీ రాయాలి. మాకు సీసా మీద పగ లేదు, లెక్క లేని అమ్మకం మీదే మా పేచీ.

మూడోది, ఏ ఆయకట్టు ధాన్యం ఆడిన మిల్లు బూడిద ఆ ఆయకట్టుకే తిరిగి రావాలి. సహకార సంఘాల ద్వారా, పరీక్ష చేసిన బూడిదను, తడిపి, తూకం వేసి ఇవ్వొచ్చు. రవాణా ఖర్చు తప్ప రైతు మీద భారం పడకూడదు.

నాలుగోది కౌలు రైతు మాట. సిలికాన్ నెమ్మదిగా కరిగే సరుకు. ఈ ఏడు వేసిన దాని ఫలం వచ్చే ఏడు కూడా అందుతుంది. వచ్చే ఏడు ఆ మడి తన చేతిలో ఉంటుందో లేదో తెలియని కౌలుదారు ఎందుకు వేస్తాడు? కౌలు కట్టడానికి గడ్డి కూడా అమ్ముకునేవాడు గడ్డిని మడిలో ఎలా కలుపుతాడు? నేల బాగుపడితే లాభపడేది భూయజమాని కూడా. కాబట్టి గడ్డి మడిలో కలిపినందుకు, బూడిద తోలినందుకు కౌలులో తగ్గింపు ఉండాలి. ఈ మాట ఒప్పందంలో రాసుకోవాలి. శాస్త్రం ఎంత మంచిదైనా భూమి సంబంధాలను పక్కన పెడితే అది కౌలు రైతు గడప తొక్కదు.

ఐదోది అన్నింటికంటే ముఖ్యం. సిలికాన్ పేరు చెప్పి కాలువ పూడిక తీయడం మానేస్తే ఊరుకోవద్దు. కరువు తట్టుకునే మందులొచ్చాయి కదా, నీళ్ల వంతు కాస్త తగ్గినా పర్లేదులే అన్న మాట రేపు ఏ కార్యాలయంలోనైనా వినిపించవచ్చు. దాన్ని మొగ్గలోనే తుంచాలి. శివారు దాకా నీళ్లు చేర్చడం సర్కారు బాధ్యత. ఆ నీళ్లను పొదుపుగా వాడటం మన బాధ్యత. మడిలో గొట్టం పాతి, నీటిమట్టం నేల కిందికి 15 సెంటీమీటర్లు దిగాక మళ్లీ తడిచ్చే పద్ధతి ఉంది. పూత దశలో మాత్రం మడి ఆరకుండా చూసుకోవాలి. ఈ తడిపొడి పద్ధతి వల్ల నీళ్లు 30 శాతం దాకా ఆదా అవుతాయి. నిజంగా కాలువ నీళ్లలో మిగులు చూపించేది ఇలాంటి పద్ధతే. సిలికాన్ దానికి తోడుగా నిలబడగలదు, దాని స్థానంలో కూర్చోలేదు.

విద్యార్థి మిత్రులారా, మీకు ఒక పని అప్పజెబుతున్నాం. మీ ఊళ్లో ఎన్ని ఎకరాల వరి ఉందో, ఎంత గడ్డి తగలబడుతోందో, ఎంత అమ్ముడవుతోందో, దగ్గరి మిల్లు బూడిద ఎక్కడికి పోతోందో రాయండి. మేము చెప్పిన గుణకాలు మీ దగ్గరున్నాయి. టన్ను ధాన్యానికి 50 నుంచి 110 కిలోలు, అందులో గడ్డి వాటా 80 శాతం. ఒక నోటు పుస్తకం, ఒక సైకిల్ చాలు. ఆ లెక్క పట్టుకుని అధికారి ముందు నిలబడితే ఆయన నోటిమాటతో పంపించలేడు. మా పోరాటంలో బస్సుల అద్దాలు పగిలిన రోజులకంటే, నీళ్ల లెక్కలు ఊరూరా పాకిన రోజులే పాలకులను ఎక్కువ భయపెట్టాయి.

ఈ సార్వా దమ్ముకు ముందే మీ మడి మట్టిని పొట్లం కట్టండి. శివారు మడిది ఒకటి, తల దగ్గరి మడిది ఒకటి. భూసార పరీక్ష కేంద్రానికి తీసుకెళ్లి సిలికాన్ ఎంతుందో చెప్పమనండి. మా దగ్గర ఆ పరీక్ష లేదంటే, లేదన్న మాటనే కాగితం మీద రాసి ఇమ్మనండి. పదిమంది అడిగితే పది కాగితాలవుతాయి. ఊరంతా అడిగితే 13వ గడి అదే వస్తుంది. నల్లగొండ చల్కల్లో ఇదే పని మేము చేస్తాం. రెండు రాష్ట్రాల కాగితాలూ పక్కపక్కన పెట్టి మా పత్రికలో అచ్చు వేస్తాం.

సెలవు.